నరాల లెక్క

(అమీర్‌పేటలో మెడికల్ కోడింగ్ నేర్చుకుంటున్న విద్యార్థుల ముందు ఒక ఆదివారం ఉదయం చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం. వెనక నిలబడ్డవాళ్లు కొంచెం ముందుకు రండి, ఇక్కడ కింద కూర్చున్నా పర్లేదు. ఇవాళ బోర్డుతో పని ఉంది, అందరికీ కనబడాలి.

మీలో ఫిజియోథెరపీ చదివినవాళ్లు ఎంతమంది? ఆరుగురు, ఏడుగురు. బీఫార్మసీ? అబ్బో, సగం గది. జువాలజీ, మైక్రోబయాలజీ? సరే. నేను ఈ కోడింగ్‌లోకి రాకముందు ఆరేళ్లు న్యూరాలజీలో టెక్నీషియన్‌గా చేశాను. ఎన్‌సీఎస్ గది నాది. నర్వ్ కండక్షన్ స్టడీ అన్నమాట. డాక్టర్లు ఎన్‌సీవీ అని రాస్తారు, జనం 'కరెంటు టెస్టు' అంటారు. సీపీటీ, అంటే అమెరికాలో డాక్టర్ల బిల్లులకి వాడే కోడ్ల పుస్తకం తెరవకముందే ఈ సబ్జెక్టు నా చేతులకు తెలుసు. ఇవాళ మీకు ఆ టెస్టు బిల్లుకి వాడే 95907 నుంచి 95913 దాకా ఉన్న ఏడు కోడ్లు చెప్పమని పిలిచారు. చెప్తాను. కానీ ముందు ఒక చెయ్యి చూపిస్తాను. చెయ్యి కళ్ల ముందు లేకుండా ఈ కోడ్లు బట్టీ పట్టినవాళ్లు పరీక్ష పాసవుతారు, ఉద్యోగంలో మాత్రం తప్పు చేస్తారు. నేనూ చేశాను, అది తర్వాత చెప్తాను.

నేను ఆ గదిలో పనిచేసే రోజుల్లో, ఒక సంక్రాంతి వెళ్లిన వారం. నిజామాబాద్ వైపు నుంచి ఒకమ్మ వచ్చింది. యాభై దాటి ఉంటాయి. చిన్నప్పటి నుంచి బీడీలు చుడుతోంది. రాత్రిపూట కుడిచెయ్యి తిమ్మిరెక్కి నిద్ర పట్టడం లేదు, లేచి చెయ్యి విదిలించుకుంటే కాస్త నయం. తునికాకు కత్తిరించే వేళ్లలో పట్టు పోయింది. బెడ్ మీద కూర్చుని వైర్లన్నీ చూసి, "ఏం బిడ్డా, కరెంటు వెడ్తరా?" అంది. "కొంచెమే అమ్మా, చీమ కుట్టినట్టు ఉంటది" అన్నాను. చెయ్యి పట్టుకుంటే మంచుగడ్డలా ఉంది. తెల్లవారుజామున బస్సులో కిటికీ పక్కన కూర్చుని వచ్చింది మరి. గోరువెచ్చని నీళ్ల టబ్బులో ఆ చెయ్యి పెట్టించి పది నిమిషాలు ఆగాను. బయట క్యూలో వాళ్లు గొణుగుతున్నారు. అయినా ఆగాలి. చర్మం ఒక్క డిగ్రీ సెల్సియస్ చల్లబడితే నరంలో సంకేతం వేగం సెకనుకు ఇంచుమించు రెండు మీటర్లు పడిపోతుంది. చల్లటి చేతికి టెస్టు చేస్తే లేని జబ్బు ఉన్నట్టు రిపోర్టు వస్తుంది. అందుకే చెయ్యి దాదాపు 32 డిగ్రీలకు వచ్చాకే మొదలుపెడతాం.

చెయ్యి వెచ్చబడ్డాక బొటనవేలి మొదట్లో ఉన్న కండ మీద ఒక ఎలక్ట్రోడ్ అతికించాను. మణికట్టు దగ్గర మీడియన్ నరం మీద చిన్న షాక్. బొటనవేలు టక్కున కదిలింది, తెర మీద ఒక అల లేచింది. షాక్ ఇచ్చినప్పటి నుంచి అల లేచేదాకా ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో అది లేటెన్సీ. అల ఎత్తు యాంప్లిట్యూడ్. తర్వాత స్టిమ్యులేటర్ తీసుకెళ్లి మోచేతి మడత దగ్గర పెట్టి మళ్లీ షాక్ ఇచ్చాను. మళ్లీ బొటనవేలే కదిలింది. రెండు చోట్ల మధ్య దూరం టేపుతో కొలిచి, రెండు లేటెన్సీల తేడాతో భాగిస్తే వేగం వస్తుంది. చేతి నరాల్లో మామూలుగా సెకనుకు 50 మీటర్లు, ఆ పైన ఉంటుంది. కాళ్లలో 40, ఆ పైన.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. నేను ఎన్ని షాకులిచ్చాను? రెండు చోట్ల. యంత్రం రిపోర్టులో ఎన్ని వరసలు అచ్చు వేస్తుంది? రెండు: 'మణికట్టు' అని ఒకటి, 'మోచేయి' అని ఒకటి. మరి నేను ఎన్ని నరాలు చూశాను?

(ముందు వరసలోంచి: "ఒకటే మేడం.")

ఒకటే. ఒక నరం, ఒక కండ, ఒక మోటార్ స్టడీ, అంటే కండని కదిలించే నరానికి చేసే పరీక్ష. ఇవాళ మీకు నేను చెప్పాలనుకున్నది ఇంతే. మిగతాదంతా దీనికి వివరణ.

ఇక అమెరికాకి వెళ్దాం. మన దగ్గర ఈ టెస్టుకి రోగి కౌంటర్ దగ్గర డబ్బు కట్టి రసీదు తీసుకుంటాడు, పని అయిపోతుంది. అమెరికాలో అలా కాదు. డాక్టరు చేసిన ప్రతి పనికీ ఐదంకెల సీపీటీ కోడ్ ఉంటుంది. ఆ పుస్తకం అమెరికన్ మెడికల్ అసోసియేషన్‌ది, మొదటిసారి 1966లో వచ్చింది. ఆ కోడ్‌తో పాటు ఏ జబ్బు కోసం చేశారో చెప్పే ఐసీడీ కోడ్ జతచేసి బీమా వాళ్లకి పంపితేనే డబ్బు వస్తుంది. ఓహాయోలోనో టెక్సస్‌లోనో ఒక పెద్దాయన చేతికి టెస్టు చేస్తే, ఆ రిపోర్టు రాత్రికి రాత్రి హైటెక్ సిటీలో ఒక తెర మీదికి వస్తుంది. అందులో ఎన్ని నరాలు ఉన్నాయో లెక్కపెట్టేది మీరే.

2012 చివరి దాకా పద్ధతి వేరు. మోటార్ స్టడీకి 95900, కాస్త ఆలస్యంగా తిరిగొచ్చే రెండో అల అయిన ఎఫ్ వేవ్‌తో కలిపి చేస్తే 95903, స్పర్శ తెలిపే నరాలకి చేసే సెన్సరీ స్టడీకి 95904. నరానికి ఒక యూనిట్. ఆరు సెన్సరీ చేస్తే 95904 పక్కన ఆరు. హెచ్ రిఫ్లెక్స్‌కి విడిగా 95934, 95936 ఉండేవి. హెచ్ రిఫ్లెక్స్ అంటే, షాక్ వెన్నుపాము దాకా వెళ్లి ప్రతిచర్యగా కండకి తిరిగొచ్చే అల. 2013 జనవరి 1 నుంచి అవన్నీ పోయాయి. ఇప్పుడు ఆ రోజు ఆ పేషెంటుకి చేసిన స్టడీలన్నీ కలిపి లెక్కపెట్టి, ఆ మొత్తానికి ఒక్కటంటే ఒక్క కోడ్ వేస్తాం. 1 లేదా 2 అయితే 95907. 3, 4 కి 95908. 5, 6 కి 95909. 7, 8 కి 95910. 9, 10 కి 95911. 11, 12 కి 95912. 13 గానీ ఆ పైన ఎన్నైనా గానీ 95913. రాసుకున్నారా? యూనిట్ ఎప్పుడూ ఒకటే. 95909 రెండు యూనిట్లు వేసినా, 95908, 95909 రెండూ కలిపి వేసినా తప్పే.

మరి 'ఒక స్టడీ' అంటే ఏమిటి? సెన్సరీ ఒక రకం. మోటార్ ఇంకో రకం, దాంతో ఎఫ్ వేవ్ చేసినా చేయకపోయినా ఒకటే. హెచ్ రిఫ్లెక్స్ మూడో రకం. ఒక నరానికి ఒక రకం స్టడీ ఒక్కసారే లెక్క. ఎన్నిచోట్ల షాక్ ఇచ్చినా, ఎన్నిచోట్ల రికార్డు చేసినా సరే. సెన్సరీలో వేలి నుంచి మణికట్టుకి ఒకసారి, మణికట్టు నుంచి వేలికి ఒకసారి చేశారనుకోండి, అదీ ఒకటే. కుడిచేతి నరం వేరు, ఎడమచేతి నరం వేరు, ఆ రెండూ రెండే.

ఏది ఏ నరం అని అనుమానం వస్తే సీపీటీ పుస్తకం చివర అపెండిక్స్ జే చూడండి. చాలామంది అది తెరవరు. దయచేసి తెరవండి. అందులో నరాలు మాత్రమే కాదు, కొమ్మలు కూడా ఉన్నాయి, ఒక్కో వరస ఒక్కో నరంగా లెక్క. అల్నార్ నరం చిటికెన వేలి వైపు కండకి వెళ్లే కొమ్మ ఒక వరస, బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య కండకి వెళ్లే కొమ్మ ఇంకో వరస. అంటే మోచేతి దగ్గర అల్నార్ నరం నలిగిందేమోనని డాక్టరు ఈ రెండు కండల మీదా విడివిడిగా రికార్డు చేస్తే, అవి రెండు మోటార్ స్టడీలు. ఇందాక ఒక కండ, రెండు షాకులు, లెక్క ఒకటి. ఇప్పుడు నరం పేరు ఒకటే, కండలు రెండు, లెక్క రెండు. ఎలక్ట్రోడ్ ఎక్కడ అతికించారన్నదే ఇక్కడ కీలకం. రిపోర్టులో 'రికార్డింగ్ సైట్' అని ఉంటుంది, అది చదవకుండా లెక్క మొదలుపెట్టొద్దు.

బోర్డు మీద ఒక కేసు వేస్తాను. ఇది నేను కూర్చుని తయారుచేసిన నమూనా. నిజమైన పేషెంటు కాగితం క్లాసుకి తీసుకురాకూడదు, ఫోన్లో ఫొటో కూడా తీయకూడదు. అది అమెరికాలో పేషెంట్ల సమాచారాన్ని కాపాడే హిపా చట్టాన్ని మీరడమే. మీరు మీ కంపెనీలో మొదటి రోజు సంతకం పెట్టేది దానికే.

రెండు చేతుల్లో తిమ్మిర్లు. మోటార్ పట్టిక చూద్దాం. కుడి మీడియన్: మణికట్టు, మోచేయి, రెండు వరసలు. ఎడమ మీడియన్ రెండు వరసలు. కుడి అల్నార్, చిటికెన వేలి కండ మీద రికార్డు చేశారు: మణికట్టు, మోచేతి కింద, మోచేతి పైన, మూడు వరసలు. ఎడమ అల్నార్ మూడు. మొత్తం పది వరసలు. సెన్సరీ పట్టిక: మీడియన్ చూపుడు వేలికి, అల్నార్ చిటికెన వేలికి, రేడియల్ బొటనవేలి మొదటికి, ఒక్కోటి కుడి ఎడమ. ఆరు వరసలు. కింద ఇంకో పట్టిక, ఎఫ్ వేవ్‌లు: మీడియన్ రెండు, అల్నార్ రెండు, నాలుగు వరసలు. అన్నీ కలిపితే ఇరవై.

వరసలు లెక్కపెట్టినవాడు 20 అంటాడు, 95913 వేస్తాడు. కొంచెం తెలిసినవాడు షాకులిచ్చిన చోట్లు తీసేసి, ఎఫ్ వేవ్‌లు మాత్రం ఉంచి 14 అంటాడు. వాడూ 95913 వేస్తాడు. అసలు లెక్క ఎంత? మోటార్ నాలుగు, సెన్సరీ ఆరు. పది. 95911. రెండు మెట్లు తేడా.

ఈ కోడ్లలో ఒక ఇబ్బంది ఉంది. తప్పు చేసినా కొన్నిసార్లు బయటపడదు. తొమ్మిదిని పది అని లెక్కపెట్టారనుకోండి, కోడ్ మారదు. పదిని పదకొండు అంటే గడప దాటారు, కోడ్ మారింది, డాలర్లు మారాయి. తొమ్మిదికి పది అన్నప్పుడు ఆడిటర్ మిమ్మల్ని ఏమీ అనడు. మీకు అలవాటు తప్పుగా పడిపోతుంది. ఆర్నెల్ల తర్వాత అదే అలవాటు గడప దాటిస్తుంది. కోడ్ సరిగ్గా వచ్చిందా లేదా అని చూసుకోవడం చాలదు, మీ లెక్క పక్కన నరాల పేర్లు రాసుకోండి. నేను ఇప్పటికీ రాసుకుంటాను.

ఇప్పుడు నా సంగతి. 2011లో కోడింగ్‌లోకి వచ్చాను. పాత కోడ్లతో ఏడాదికి పైగా చేశాను. ఎఫ్ వేవ్ చేస్తే 95903, చేయకపోతే 95900, వేళ్లకు అలవాటైపోయింది. 2013 జనవరి వచ్చింది. కొత్త కోడ్ల మీద మాకు ఒక గంట క్లాసు పెట్టి, మర్నాటి నుంచి గంటకి ఇన్ని చార్టులని టార్గెట్ ఇచ్చారు. ఎఫ్ వేవ్ ఇదివరకు వేరే కోడ్ కదా, కాబట్టి వేరే స్టడీ అనుకున్నాను. మూడు వారాలు అలాగే లెక్కపెట్టాను. మా ఆడిటర్ ఒకాయన, పెద్దవారు, నా చార్టులు పది ప్రింట్ తీసి నా డెస్కు మీద పెట్టారు. కోప్పడలేదు. "నువ్వు ఆ గదిలో ఆరేళ్లు చేశావు కదమ్మా. ఎఫ్ వేవ్‌కి ఎలక్ట్రోడ్ తీసి ఇంకోచోట పెడతావా?" అని అడిగారు.

పెట్టం. అదే ఎలక్ట్రోడ్, అదే కండ, అదే నరం. మణికట్టు దగ్గర ఇచ్చిన షాక్ వేళ్ల వైపు వెళ్లడంతో పాటు వెనక్కి, పైకి, వెన్నుపాము దాకా వెళ్తుంది. అక్కడి మోటార్ కణాల్లో కొన్ని దాన్ని తిప్పి పంపుతాయి. ఆ చిన్న అల కాస్త ఆలస్యంగా అదే కండకి చేరుతుంది. ఆలస్యంగా వచ్చిన ఆ అలే ఎఫ్ వేవ్. ఆరేళ్లు రోజూ నా చేతులతో చేసిన పని అది. ఆ చెయ్యి గుర్తు తెచ్చుకుని ఉంటే నాకు రూలు చదవాల్సిన అవసరం కూడా ఉండేది కాదు. స్క్రీన్ మీద వరసలు చూసి, చెయ్యి మర్చిపోయాను.

ఆ మూడు వారాల క్లెయిములన్నీ వెనక్కి తీసి సరిచేశారు. క్లినిక్ వాళ్లు ఎక్కువ వచ్చిన డబ్బు తిరిగి కట్టారు. మెడికేర్, అంటే అమెరికాలో ముఖ్యంగా ముసలివాళ్లకి ప్రభుత్వం ఇచ్చే బీమా, ఆ డబ్బు ఎక్కువ వచ్చిందని గుర్తించాక 60 రోజుల్లో తెలియజేసి వెనక్కి కట్టాలి. తెలిసీ ఉంచుకుంటే ఫాల్స్ క్లెయిమ్స్ యాక్ట్ కిందికి వస్తుంది. అది 1863 నాటి చట్టం. అంతర్యుద్ధంలో సైన్యానికి పాడైపోయిన సరుకు అంటగట్టిన కాంట్రాక్టర్ల కోసం లింకన్ కాలంలో చేశారు. ఇవాళ వైద్యం బిల్లులకీ అదే వర్తిస్తుంది.

కానీ నన్ను నిద్రపోనివ్వనిది ఆ చట్టం కాదు. మెడికేర్ పార్ట్ బీలో డాక్టరు బిల్లులో 20 శాతం సాధారణంగా పేషెంటే కట్టుకోవాలి. అదనపు బీమా లేనివాళ్లు సొంత జేబులోంచి కడతారు. నేను ఇక్కడ ఒక మెట్టు ఎక్కువ వేస్తే, అక్కడ పింఛను మీద బతికే ఒక ముసలాయన ఇంటికి పెద్ద బిల్లు వెళ్తుంది. చేయని టెస్టుకి. ఆయనకి నేనెవరో తెలియదు, నాకు ఆయన తెలియదు. ఆ ఇద్దరి మధ్య ఉన్నది ఆ లెక్కే.

ఇదంతా పొరపాటు సంగతి. కావాలని చేసేవాళ్లూ ఉన్నారు. అమెరికా ఆరోగ్యశాఖలో ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆఫీసు 2014లో ఒక నివేదిక ఇచ్చింది. 2011లో మెడికేర్‌కి వచ్చిన ఎలక్ట్రోడయాగ్నస్టిక్, అంటే ఈ నరాల, కండల పరీక్షల బిల్లులు తిరగేస్తే, 4,901 మంది డాక్టర్ల బిల్లులు అనుమానించాల్సినట్టు కనిపించాయి. మొత్తం 13 కోట్ల 90 లక్షల డాలర్లు. వాళ్లు ఏమేం చూశారో మీరు తెలుసుకోవాలి. సూది పరీక్ష, అంటే ఈఎంజీ లేకుండా ఒట్టి కండక్షన్ స్టడీలే చేసిన పేషెంట్లు ఎంతమంది? 59 మోడిఫయర్, 25 మోడిఫయర్, అంటే కోడ్ పక్కన తోకలా చేర్చే రెండంకెల గుర్తులు, అందరికంటే ఎక్కువగా వేసేది ఎవరు? డాక్టరుకీ పేషెంటుకీ మధ్య ఎన్ని మైళ్ల దూరం? ఒక్క రోజులో బిల్లు చేసిన టెస్టులన్నీ కలిపితే ఎన్ని గంటలవుతుంది? ఈ లెక్కలన్నీ మీరు వేసే కోడ్లలోంచే తీశారు.

సూది అన్నాను కాబట్టి ఈఎంజీ. నరంలో సంకేతం ఎలా వెళ్తోందో కండక్షన్ చెప్తుంది, కండ పరిస్థితి సూది చెప్తుంది. అదే రోజు కండక్షన్‌తో పాటు చేస్తే కోడ్లు 95885, 95886. ఇవి రెండూ యాడ్ ఆన్ కోడ్లు, తోడు లేకుండా ఒంటరిగా నిలబడవు. ఒక చేతిలో గానీ కాలిలో గానీ అయిదు, అంతకంటే ఎక్కువ కండలు చూడాలి. ఆ కండలకి వచ్చే నరాలు కనీసం మూడు ఉండాలి, లేదా వెన్ను మట్టాలు, అంటే ఆ నరాలు వెన్నుపాము నుంచి బయటికి వచ్చే అంతస్తులు, నాలుగు ఉండాలి. అప్పుడే 95886. లేకపోతే 95885. అవయవానికి ఒకటి చొప్పున, ఈ రెండూ కలిపి నాలుగు దాటకూడదు. మెడ దగ్గర, నడుము దగ్గర వెన్నెముక పక్కనుండే పారాస్పైనల్ కండల్లో సూది పెడితే అది ఆ చెయ్యి లేదా కాలి లెక్కలోనే కలిసి ఉంటుంది, విడిగా అడగొద్దు. కండక్షన్ లేకుండా ఒట్టి సూదే అయితే కోడ్లు వేరు, 95860 దగ్గర మొదలవుతాయి.

మన బోర్డు కేసులో కుడిచేతికి డెల్టాయిడ్, బైసెప్స్, ట్రైసెప్స్, ప్రొనేటర్ టెరిస్, ఫస్ట్ డోర్సల్ ఇంటరాసియస్ అని అయిదు కండలు రాశారనుకోండి. నరాలు చెప్పండి. ఆక్సిలరీ, మస్క్యులోక్యుటేనియస్, రేడియల్, మీడియన్, అల్నార్. అయిదు కండలు, అయిదు నరాలు. 95886. ఎడమచేతికి మూడే కండలు. 95885. ఫిజియోథెరపీ వాళ్లకి ఇది నీళ్లు తాగినంత సులువు. మిగతావాళ్లు వాళ్ల పక్కన కూర్చోండి, ఒక వారం రోజుల్లో వస్తుంది.

ఇక ఎందుకు చేశారన్న ప్రశ్న. ఇక్కడ మన కుర్రవాళ్లు తెగ తడబడతారు. డాక్టరు పంపేటప్పుడు 'తిమ్మిర్లు, రూల్ ఔట్ కార్పల్ టన్నెల్' అని రాస్తాడు, అంటే మణికట్టు దగ్గర మీడియన్ నరం నలిగే జబ్బు ఉందో లేదో తేల్చమని. అవుట్ పేషెంట్లో రూల్ ఔట్ అన్న జబ్బుకి కోడ్ వేయం, లక్షణానికి వేస్తాం. తిమ్మిరికి ఆర్20.2. అయితే టెస్టు అయిపోయి, డాక్టరు చదివి సంతకం పెట్టిన రిపోర్టు మీ చేతికి వచ్చిందనుకోండి, అందులో జబ్బు ఖాయంగా చెప్పి ఉంటే ఆ జబ్బుకే కోడ్ వేయాలి. కార్పల్ టన్నెల్ కుడికి జీ56.01, ఎడమకి జీ56.02, రెండు చేతులకీ కలిపి జీ56.03. ఈ మూడోది 2016 అక్టోబరులో వచ్చింది.

మరి రిపోర్టులో 'కన్సిస్టెంట్ విత్ కార్పల్ టన్నెల్ సిండ్రోమ్' అని ఉంటే? నరాల రిపోర్టుల్లో ఈ మాట అడుగడుగునా కనబడుతుంది. డాక్టరు దృష్టిలో అది ఖాయమనే అర్థం. కానీ ఐసీడీ మార్గదర్శకాల్లో 'కన్సిస్టెంట్ విత్', 'కంపాటిబుల్ విత్' రెండూ అనుమానం మాటల జాబితాలోనే ఉన్నాయి. జబ్బు కోడ్ వేయకూడదు. డాక్టరుకి క్వెరీ పంపండి. క్వెరీ పంపితే ఆలస్యమవుతుందని, టార్గెట్ పోతుందని మీ టీమ్ లీడ్ అంటారు. అన్నా పంపండి. మీరే ఊహించి జీ56.03 వేస్తే, ఆ పేషెంటు రికార్డులో డాక్టరు చెప్పని జబ్బు మీరు రాసినట్టు.

ఎన్ని నరాలు చూడటం సబబు అన్నదానికి కూడా ఒక కొలత ఉంది. ఆనెమ్ అని, అమెరికాలో ఈ పరీక్షలు చేసే డాక్టర్ల సంఘం. వాళ్లు ఒక పట్టిక ఇచ్చారు. ఒక్కో జబ్బుకి ఇన్ని స్టడీలైతే 90 శాతం పేషెంట్లకి సరిపోతాయని. రెండు చేతుల కార్పల్ టన్నెల్‌కి మోటార్ నాలుగు, సెన్సరీ ఆరు. మన బోర్డు కేసు సరిగ్గా అంతే. దాటితే తప్పని కాదు. మిగతా పది శాతం కూడా మనుషులే కదా. దాటినప్పుడు ఎందుకు దాటాల్సి వచ్చిందో డాక్టరు రాసి ఉండాలి. మధుమేహం ఉన్న మనిషికి మెడ దగ్గర నరం కూడా నొక్కుకుపోతే రెండూ విడదీసి చూడటానికి ఎక్కువ నరాలు కావాలి. ఆ కారణం కాగితం మీద ఉంటే మీరు ధైర్యంగా వేయండి. పేషెంటుకి అవసరమై చేసిన పనికి భయపడి తక్కువ వేయడం కూడా తప్పే.

మోడిఫయర్లు రెండు ముక్కల్లో చెప్పి ఆపేస్తాను. యంత్రం ఆసుపత్రిది, డాక్టరు చదివి రిపోర్టు మాత్రం ఇచ్చాడంటే డాక్టరు బిల్లుకి 26. యంత్రం డాక్టరు క్లినిక్‌దే అయితే ఏ మోడిఫయరూ అక్కర్లేదు. మిగతావి క్లాసులో మీ సార్లు చెప్తారు.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక అబ్బాయి: "మేడం, అయిదు కండలు చూశారు, కానీ అన్నీ మీడియన్, అల్నార్ కిందవే అయితే?")

మంచి ప్రశ్న. అయిదు ఉన్నాయని 95886 వేసేస్తారు చాలామంది. నరాలు రెండే వచ్చాయి కాబట్టి వెన్ను మట్టాలు లెక్కపెట్టు. చేతి చివరి కండలన్నీ దాదాపు సీ8, టీ1 మట్టాల్లోనే ఉంటాయి. నాలుగు మట్టాలు రాకపోతే 95885.

(ఒక అమ్మాయి, వెనక నుంచి: "మేడం, రిపోర్టులో ఒక నరం పేరు ఉండి, పక్కన అంకెలేమీ లేకుండా 'ఎన్ఆర్' అని ఉంటుంది. దాన్ని వదిలేయాలా?")

నీ పేరేంటమ్మా? సరే, కూర్చో. దీనికి కొంచెం వివరంగా చెప్పాలి. ఎన్ఆర్ అంటే నో రెస్పాన్స్. వదిలేయకూడదు. లెక్కలోకి వస్తుంది. టెస్టు చేశారు, అల రాలేదు. అల రాకపోవడం కూడా ఒక ఫలితమే.

నేను మొదట చెప్పిన ఆ బీడీల అమ్మ గుర్తుందా? ఆవిడ కుడిచెయ్యి మీడియన్ సెన్సరీ, చూపుడు వేలికి రింగ్ ఎలక్ట్రోడ్ తొడిగి షాక్ ఇచ్చాను. తెర మీద గీత అలాగే సాఫుగా ఉంది. వేలికి జెల్ మళ్లీ రాశాను. రింగు కొంచెం జరిపాను. షాక్ కొంచెం పెంచాను. "నొప్పి లేస్తుందా అమ్మా?" అంటే "లేదు బిడ్డా, ఏం తెలుస్తలేదు" అంది. ఎన్నోసార్లు కలిపి సగటు తీశాను. అప్పటికీ లేదు. పక్క వేలికి పెట్టి చూశాను. ఎడమ చెయ్యి చేసి మళ్లీ కుడికి వచ్చాను. మొత్తం టెస్టులో ఎక్కువసేపు పట్టింది ఆ ఒక్క నరానికే. రిపోర్టు ప్రింట్ తీస్తే ఆ వరసలో అంకె ఒక్కటీ లేదు. ఎన్ఆర్ అని రెండక్షరాలు. డాక్టరుగారు మిగతా పేజీ అంతా వదిలేసి ఆ వరస దగ్గరే వేలు పెట్టి, ఆపరేషన్‌కి రాశారు.

కాబట్టి ఆ వరసని లెక్కపెట్టమ్మా. కుడి మీడియన్ సెన్సరీ, ఒకటి.